గల్ఫ్‌ నించి మా చిన్నమ్మని తెచ్చుకున్నాం: సర్కారు సర్వీసుకి నా మార్కులు

ఐదుకి మూడున్నర. ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఇది పొడుగ్గా ఉంటుంది, అందరికీ అంత తీరిక ఉండదు. బిర్యానీకీ మిక్సీకీ ఏసీ మెకానిక్కుకీ రివ్యూలు రాసుకుంటాం గానీ, పరాయి దేశంలో ఇరుక్కుపోయిన మనిషిని ఇంటికి చేర్చే సర్వీసు ఎట్టా ఉందో రాసినవాళ్ళు నాకు కనపడలేదు. పోయిన ఏడాది రాత్రుళ్ళు కూర్చుని తెగ వెతికా, దొరకలేదు. అందుకే రాస్తున్నా.

నేను నెల్లూరులో ఒక రైసుమిల్లులో లెక్కలు రాస్తా. మా చిన్నమ్మది ఉదయగిరి వైపు పల్లె. మెట్ట ప్రాంతం, రెండు బోర్లు వేస్తే రెండూ ఎండిపోయాయి, ఆ అప్పు తీర్చడానికి ఆమె గల్ఫ్‌ పోయింది. మా వైపు గల్ఫ్‌లో ఏ దేశం పోయినా 'కువైటు పోయింది' అనే అంటారు. దుబాయి పోయినా కువైటే, మస్కట్ పోయినా కువైటే. చిన్నమ్మ పోయింది ఏ దేశమో ఇక్కడ రాయను, ఆ దేశంలో మన ఎంబసీ గురించి చెప్పేటప్పుడూ పేరు రాయను, ఏజెంటు పేరు అసలే రాయను. కేసు ఇంకా నడుస్తోంది, అనవసరంగా గొడవ.

ముందు పాస్‌పోర్టు గురించి. ఇది విదేశాంగ శాఖ పనే అని చాలామందికి గుర్తుండదు, పోలీసు వెరిఫికేషన్ వస్తుంది కదా, అదేదో పోలీసుల సంగతి అనుకుంటారు. ఒకప్పుడు మా వాళ్ళు దీనికోసం తిరుపతి పోయేవాళ్ళు, తెల్లారుజామున బస్సెక్కి, ఒక కాగితం తక్కువైందంటే మళ్ళీ ఇంకో రోజు. 2017లో పోస్టాఫీసుల్లో పాస్‌పోర్టు సేవా కేంద్రాలు పెట్టడం మొదలయ్యాక నెల్లూరులోనే పని అవుతోంది. 36 పేజీలదానికి 1,500 రూపాయలు, ఆన్‌లైన్లో కట్టి, స్లాటు తీసుకుని, అసలు కాగితాలు పట్టుకుని పోతే సరి. చిన్నమ్మతో నేనే పోయా. వేలిముద్రలు, ఫోటో, రెండు కౌంటర్లు, గంటన్నరలో బయటపడ్డాం. అక్కడ మాకు పైసా ఎక్కువ ఖర్చు కాలేదు. ఈ ముక్కకి ఐదుకి నాలుగున్నర, ఆ అర ఎందుకు తగ్గించానంటే కూర్చోడానికి కుర్చీలు చాల్లేదు, చిన్నమ్మ మోకాళ్ళు అసలే అంతంత మాత్రం.

ఇప్పుడు అసలు సంగతి. చిన్నమ్మ చదివింది అయిదో తరగతి. పది పాసు కాని వాళ్ళకి వచ్చే పాస్‌పోర్టు మామూలుగా 'ఈసీఆర్' రకం, అంటే ఉద్యోగం మీద కొన్ని దేశాలకి పోవాలంటే ముందు ప్రభుత్వం దగ్గర క్లియరెన్సు తీసుకోవాలి. అట్టాంటి దేశాలు 18, గల్ఫ్‌ దేశాలన్నీ అందులో ఉన్నాయి, మలేషియా, థాయిలాండ్ కూడా. 1983 నాటి వలస చట్టం కింద వచ్చిన పద్ధతి ఇది. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్ళకి ముప్పై ఏళ్ళు నిండకపోతే ఆ దేశాల్లో ఉద్యోగానికి క్లియరెన్సు ఇవ్వరు. చిన్నమ్మకి నలభై ఒకటి కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

ఈ క్లియరెన్సంతా ఈ-మైగ్రేట్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో నడుస్తుంది. యజమాని ఎవరు, జీతమెంత, ఏజెంటు లైసెన్సు ఉన్నవాడేనా, కాంట్రాక్టు ఏది, అన్నీ అందులో ఎక్కాలి. దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన అని ఒక ఇన్సూరెన్సు తప్పనిసరిగా కట్టించుకుంటారు. రెండేళ్ళకి 275 రూపాయలు, మూడేళ్ళకి 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా పది లక్షలు. 275 రూపాయలకి పది లక్షలు! నెల్లూరులో ఇద్దరు సినిమాకి పోయి పాప్‌కార్న్ తింటే అంతకన్నా ఎక్కువవుతుంది.

కాగితం మీద చూస్తే నిజంగా మంచి ఏర్పాటు. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు కూడా 30,000, పైన 18 శాతం జీఎస్టీ, అంటే 35,400, అంతకన్నా ఎక్కువ అడగకూడదు, రసీదివ్వాలి. ఇంటిపనికి పోయే ఆడవాళ్ళ కోసమైతే ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపే ఏర్పాటు ఉంది, మన రాష్ట్రానికి ఓంక్యాప్ అని ఒకటుంది. ఇవన్నీ నాకు ఎప్పుడు తెలిశాయి? చిన్నమ్మ ఇరుక్కున్నాక. పోయేముందు మాలో ఒక్కరికీ తెలీదు, నాకూ తెలీదు, డిగ్రీ చదివిన వాణ్ణి, రోజంతా కంప్యూటరు ముందు కూర్చునేవాణ్ణి, అయినా తెలీదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

మాకు తెలిసింది ఏజెంటు. నిజానికి ఏజెంటు కూడా కాదు, ఏజెంటు కింద ఏజెంటు, అతని కింద మా పక్కూరి ఆడమనిషి. ఆమె చెల్లెలు అక్కడే పన్నెండేళ్ళుగా ఉంది, ఇంటి మీద ఇల్లు కట్టింది, అది చాలు మా వాళ్ళకి. చిన్నమ్మ దగ్గర అరవై వేలు తీసుకున్నారు, రసీదు లేదు. క్లియరెన్సూ లేదు, కాంట్రాక్టూ లేదు. విజిట్ వీసా మీద బొంబాయి నించి ఎక్కించారు. విజిట్ వీసాకి ఆ క్లియరెన్సు అక్కర్లేదు, అక్కడ దిగాక పనివీసాగా మారుస్తారు. 'ఎయిర్‌పోర్టులో ఎవరన్నా అడిగితే మా అక్క కూతురి దగ్గరికి చూసేదానికి పోతున్నా అని చెప్పు' అని పాఠం కూడా నేర్పించారు. చిన్నమ్మ ఆ మాట హిందీలో బట్టీ పట్టింది, ఇప్పటికీ అప్పజెప్తుంది, మేం నవ్వుతాం.

అప్పుడు నవ్వు రాలేదు. ఏడు నెలలు పని చేస్తే రెండు నెలలే జీతం. మూడంతస్తుల ఇల్లు, పదకొండు మంది, రాత్రి ఒంటిగంటకి పడుకుంటే అయిదుకి లేవాలి. పాస్‌పోర్టు దిగిన రోజే సేఠు, అంటే ఆ ఇంటి యజమాని, తీసుకున్నాడు. ఫోను వారానికి ఒక్కసారి, అదీ మేడమ్ ఎదురుగా. ఒకరోజు రాత్రి బాత్రూములో ట్యాపు తిప్పి పెట్టి, ఆ చప్పుడులో మా తమ్ముడికి వాట్సాప్‌లో గొంతు పంపింది. 'అబ్బయ్యా, నన్ను ఎట్టన్నా తీసుకుపోండిరా' అంతే. మిగతాదంతా నీళ్ళ చప్పుడు.

మర్నాడు పక్కూరి ఆమె దగ్గరికి పోతే ఆమె పై ఏజెంటుతో మాట్లాడించింది. అతను చాలా మర్యాదగా, 'రెండేళ్ళ అగ్రిమెంటు సార్, మధ్యలో తేవాలంటే సేఠు పెట్టిన ఖర్చు లక్షా ఎనభై వేలు కట్టాల, మీరు సర్దితే రేపే టికెట్టు' అన్నాడు. ఏ అగ్రిమెంటో చూపించమంటే ఫోను పెట్టేశాడు. ఒక స్టేషనుకి పోతే, విదేశంలో జరిగింది మేమేం చేస్తాం, ఎంబసీకి రాసుకోండి అన్నారు. ఎంబసీకి రాయడం అంటే ఎట్టా? పోస్టుకార్డా? ఎవరూ చెప్పరు.

మా మిల్లుకి వచ్చే లారీ డ్రైవరొకాయన, రాపూరు వైపు మనిషి, గల్ఫ్‌లో ఆరేళ్ళు చేసొచ్చినాయన, ఆయన చెప్పాడు: 'మదద్‌లో పెట్టు అన్నా, ముందు పాస్‌పోర్టు నంబరు పట్టుకో'. ఈ మొత్తం వ్యవహారంలో నాకు దొరికిన మంచి సలహా అదొక్కటే, అదీ ప్రభుత్వం చెప్పింది కాదు, వడ్లలోడు దించడానికి వచ్చిన మనిషి చెప్పింది. మదద్ అంటే సాయం. ఉదయగిరిలో ఉర్దూ మాట్లాడేవాళ్ళు చాలామంది కాబట్టి మా వాళ్ళకి ఆ మాట కొత్త కాదు, అట్టాంటి పోర్టల్ ఒకటుందన్నదే కొత్త.

మదద్ 2015 ఫిబ్రవరిలో విదేశాంగ శాఖ మొదలుపెట్టిన ఫిర్యాదుల పోర్టల్. జీతం బకాయి, జైల్లో ఉండటం, మనిషి ఆచూకీ లేకపోవడం, ఇంటిపనివాళ్ళ ఇబ్బందులు, చనిపోయినవాళ్ళ మృతదేహం తెప్పించడం, ఇట్టా ఒక్కో సమస్యకి ఒక్కో రకం ఎంచుకోవాలి. ఇక్కడ ఇంట్లోవాళ్ళు పెట్టొచ్చు, అక్కడున్న మనిషే పెట్టాలని లేదు. ఫిర్యాదు నేరుగా ఆ దేశంలోని ఎంబసీకి పోతుంది, మనకొక నంబరొస్తుంది, ఏమైందో ఆ నంబరుతో చూసుకోవచ్చు. పెట్టడానికి కావాల్సింది ఈమెయిలు, ఫోను నంబరు, పాస్‌పోర్టు వివరాలు, అక్కడి యజమాని వివరాలు.

పాస్‌పోర్టు నంబరు దగ్గరే రెండురోజులు పోయింది. జిరాక్సు ఎక్కడ పెట్టిందో చిన్నాయనకి తెలీదు. బీరువా, ట్రంకుపెట్టె, దేవుడి పటాల వెనక, అంతా వెతికి చివరికి ఎల్‌ఐసీ బాండు కవర్లో దొరికింది. దయచేసి ఎవరన్నా పోయేముందు పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా, టికెట్టు ఫోటో తీసి ఇంట్లో ముగ్గురి ఫోన్లలో పెట్టండి. అక్కడ ఇచ్చే గుర్తింపు కార్డు, ఆకామా అంటారు, దాన్నీ రెండువైపులా ఫోటో తీయమనండి.

యజమాని అడ్రసు ఇంకో తలనొప్పి. చిన్నమ్మకి ఆ వీధి పేరే తెలీదు, ఎవరూ చెప్పలా, ఒక్కతే బయటికి పోయిందీ లేదు. దానికి మా తమ్ముడు ఉపాయం చేశాడు. రాత్రి వాట్సాప్‌లో లొకేషను పంపడం ఎట్టాగో రెండు వాయిస్ మెసేజీల్లో నేర్పాడు. మూడో రాత్రికి వచ్చింది. మ్యాపులో ఆ ఇల్లు, ఎదురుగా మసీదు, పక్కన సూపర్ మార్కెట్టు. ఆ మ్యాపు స్క్రీన్‌షాట్ కూడా ఫిర్యాదుకి జత చేశాం. తర్వాత ఎంబసీ మనిషి ఫోన్లో అన్న మాట, సగం ఫిర్యాదుల్లో యజమాని ఎవరో ఎక్కడో ఉండదట, మీది లొకేషనుతో వచ్చింది కాబట్టి పని తేలికైందని.

నెట్ సెంటర్లో పెట్టించకండి, ఇంకోమాట. అక్కడ వాళ్ళ ఈమెయిలే వేస్తారు, జవాబు వాళ్ళకే పోతుంది. మా ఊళ్ళో ఒకాయన అట్టా పెట్టించి రెండు నెలలు ఎదురుచూశాడు, జవాబు పదోరోజే వచ్చి ఆ సెంటర్ మెయిలులో ఉంది. నేను నా మెయిలుతోనే పెట్టా. జీతం బకాయి, మనిషిని వెనక్కి తేవడం, రెండూ వివరంగా తేదీలతో రాశా. లెక్కలు రాసేవాణ్ణి కదా, అది మాత్రం బాగా వచ్చింది. ఆరోరోజు జవాబొచ్చింది, ఆమెతో మాట్లాడతాం, నంబరివ్వండి అని. మదద్‌కి ఐదుకి నాలుగు.

టోల్‌ఫ్రీ నంబరు కూడా ఒకటుంది, 1800 11 3090. గల్ఫ్ పోయేవాళ్ళకీ పోయినవాళ్ళ ఇంటివాళ్ళకీ అని విదేశాంగ శాఖ పెట్టింది. నాకు తెలుగులో మాట్లాడే మనిషే దొరికింది. కొత్త సంగతేం చెప్పలేదు గానీ, నా ఫిర్యాదు నంబరు అడిగి, 'ఆమెని తొందరపడి ఇంట్లోంచి పారిపోవద్దని చెప్పండి, పారిపోతే యజమాని కేసు పెడతాడు, ఎంబసీవాళ్ళు చెప్పినాకే కదలమనండి' అంది. ఆ రాత్రి మా ఇంట్లో అందరూ చెప్తున్నది పారిపొమ్మనే. ఆ ఒక్క మాటకి ఆమెకి ఐదుకి ఐదు.

ఇక ఎంబసీ. ఇక్కడే నాకు కోపమూ ఉంది, కృతజ్ఞతా ఉంది. నేను మొదటి వారంలో ఫోను చేసిన నంబర్లు నాలుగు, ఎత్తింది ఒకటి, ఆ ఒక్కరూ హిందీలో, 'ఎంబసీకి రమ్మనండి, చూస్తాం' అన్నారు. ఇంట్లోంచి గడప దాటనివ్వని మనిషి ఎంబసీకి ఎట్టా వస్తుంది అంటే, ట్యాక్సీ ఎక్కమనండి అన్నారు. ట్యాక్సీ! చేతిలో ఆ దేశం డబ్బు ఒక్క కాసు లేదు, భాష రాదు. మదద్ ఫిర్యాదు వాళ్ళ దగ్గరికి చేరాక మాత్రం కథ మారింది, లేబర్ విభాగంలో ఒకావిడ నేరుగా సేఠుకి ఫోను చేసింది. అతను మొదట నాకు తెలీదన్నాడట, లొకేషను చదివి వినిపిస్తే, నేను డబ్బులు పెట్టి తెచ్చుకున్నా అన్నాడట.

చివరికి చిన్నమ్మ బయటికి వచ్చింది ఎట్టాగంటే, ఒకరోజు పొద్దున చెత్త వెయ్యడానికి గేటు దాటినప్పుడు అక్కడి తెలుగాయన ఒకరు కారులో వచ్చి ఎక్కించుకుని ఎంబసీలో దించారు. ఎంబసీ ఆవిడకి తెలిసే జరిగింది. ఆయన కడప జిల్లా మనిషి, అక్కడ డ్రైవరు, సెలవురోజుల్లో ఇట్టాంటి సాయాలే చేస్తుంటారు. ఆయనకి ఎవరూ జీతమివ్వరు. మనం ఎంబసీ చేసింది అంటున్న పనిలో చాలా భాగం ఇట్టాంటివాళ్ళు చేతులు వేస్తే జరిగేదే. మంచిదే, కానీ ఆయన ఆరోజు డ్యూటీలో ఉంటే?

ఎంబసీ షెల్టర్లో చిన్నమ్మ 41 రోజులు ఉంది. అక్కడ ఇరవైమంది దాకా ఆడవాళ్ళు, మన తెలుగువాళ్ళే ఏడెనిమిది మంది, గోదావరి జిల్లాలవాళ్ళు, కడపవాళ్ళు, ఒకామె కనిగిరి దగ్గరిది. మూడు పూటలా తిండి, పరుపు, ఒంట్లో బాగాలేకపోతే డాక్టరు. 'ఏడు నెలల్లో మొదటిసారి ఆడ నిద్ర పొయినా' అంది. షెల్టరుకి నాలుగున్నర. సాంబారు బాగుండదట, దానికి నేను మార్కులు తగ్గించను.

41 రోజులు ఎందుకంటే, మేం అనుకున్నట్టే, ఆమె పారిపోయిందని సేఠు కేసు పెట్టాడు. అది తేలేదాకా ఆ దేశం ఇమిగ్రేషన్ వాళ్ళు వదలరు. పాస్‌పోర్టు ఇవ్వడు, పోయిందంటాడు. అప్పుడు ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది, మనవాళ్ళు 'ఔట్‌పాస్' అంటారు, దాంతో ఒక్కసారి ఇండియాకి రావచ్చు, అంతే. తర్వాత వేలిముద్రలు, ఫైను, టికెట్టు. టికెట్టు డబ్బులు మాకు లేవని రాసిస్తే భారతీయ సమాజ సంక్షేమ నిధి నించి ఇచ్చారు. 2009లో పెట్టిన నిధి ఇది, ఎంబసీల్లో మన వాళ్ళు కట్టే చిన్న చిన్న ఫీజుల మీద వేసే సెస్సుతో నడుస్తుంది. దిక్కులేనివాళ్ళకి విమానం టికెట్టు, లాయరు ఖర్చు, మృతదేహం రవాణా, అన్నీ దీన్లోంచే. గల్ఫ్‌లో పాస్‌పోర్టు రెన్యువల్ చేసుకున్న ప్రతి మనిషీ తనకి తెలీకుండానే మా చిన్నమ్మ టికెట్టుకి ఒక రూపాయి వేశాడన్నమాట.

ఇందులో తేలనిది జీతం. అయిదు నెలల బకాయి. వచ్చేముందు చిన్నమ్మ చేత ఎంబసీకి పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకున్నారు, ఆమె ఇక్కడున్నా అక్కడ కేసు నడపడానికి. చాలామంది విమానం ఎక్కే తొందరలో అది రాయకుండా వచ్చేస్తారు, వచ్చాక ఇంక చేసేదేం ఉండదు. మేం రాశాం. అయినా ఇప్పటికి ఎనిమిది నెలలు, కాంట్రాక్టు చూపించండి అంటుంది అవతలి వైపు. లేదుగా. క్లియరెన్సు మీద పోయుంటే జీతం ఎంతో, యజమాని ఎవరో ఈ-మైగ్రేట్‌లోనే ఉండేది. విజిట్ వీసా మీద పోయిన మనిషి ఆ లెక్కల్లోనే లేదు, ప్రభుత్వం దృష్టిలో ఆమె చుట్టాల్ని చూసొచ్చేదానికి పోయింది. ఈ ముక్కకి ఐదుకి ఒకటి వేస్తా, ఆ ఒకటీ పవర్ ఆఫ్ అటార్నీ గుర్తుచేసిన ఆవిడకి.

కొందరు అంటారు, యుద్ధాలప్పుడు మన ప్రభుత్వం ఎంత బాగా తెచ్చింది చూడు అని. నిజమే, కాదనను. 1990లో కువైటు మీద ఇరాక్ పడ్డప్పుడు సుమారు 1,70,000 మందిని జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు. మా పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆ కబుర్లు చెప్తారు, పెట్టెలు అక్కడే వదిలేసి కట్టుబట్టలతో వచ్చినవాళ్ళు మా వైపు కూడా ఉన్నారు. 2015లో యెమెన్ నించి తెచ్చేటప్పుడు మంత్రి వీకే సింగ్ జిబూతీలో కూర్చుని దగ్గరుండి చూసుకున్నారు. 2022లో ఉక్రెయిన్ నించి ఆపరేషన్ గంగ కింద 22,500 మంది దాకా వచ్చారు, అందులో ఎక్కువ మెడిసిన్ చదివే పిల్లలు. 2023లో సూడాన్. ఇట్టాంటివాటికి ఐదుకి ఐదు, ఇంకో మార్కుంటే అదీ వేస్తా. పెద్ద దేశాలు కూడా తమ వాళ్ళని మీ దారి మీరు చూసుకోండి అన్న రోజులున్నాయి.

కానీ అక్కడ వేలమంది ఒకేసారి ఇరుక్కుంటారు, టీవీలు చూస్తుంటాయి, ప్రధాని దాకా పోతుంది. మా చిన్నమ్మ ఒక్కతే ఇరుక్కుంది, ఒక బాత్రూములో, ట్యాపు తిప్పుకుని. సుష్మా స్వరాజ్ విదేశాంగ మంత్రిగా ఉన్నప్పుడు ట్విట్టర్లో ఎవరు రాసినా జవాబిచ్చేది, ఆవిడంటే ఇప్పటికీ గల్ఫ్‌లో పనిచేసేవాళ్ళకి ప్రాణం, అది నిజమైన మంచితనం. అయినా ట్విట్టర్ ఉన్నవాడికి అందిన సాయం ట్విట్టర్ లేని చిన్నమ్మకి ఎట్టా అందాలి అన్నదే నా ప్రశ్న. దానికి మదద్ కొంత జవాబు. ఆ మాట మా పల్లెలో చెప్పేవాళ్ళు లేకపోవడం మాత్రం తప్పే.

చెప్పడం అంత కష్టమా? మా ఊళ్ళో సచివాలయం ఉంది, పొదుపు సంఘాలున్నాయి, నెలనెలా మీటింగు పెట్టి సంతకాలు తీసుకుంటారు. అందులో పావుగంట, ఏజెంటు లైసెన్సు ఎట్టా చూసుకోవాలో చెప్తే చాలు. ఈ-మైగ్రేట్‌లో ఏజెంటు పేరు కొడితే లైసెన్సు నడుస్తోందా, రద్దయిందా, గడువు అయిపోయిందా వచ్చేస్తుంది. 2024 అక్టోబరులో కొత్త పోర్టలూ మొబైల్ యాప్ కూడా తెచ్చారు. వస్తువు మంచిది, మా ఊరికి రాలేదు, అంతే. షోరూములో బ్రహ్మాండమైన ట్రాక్టరు పెట్టి తాళం వేసుకున్నట్టు ఉంది. ఈ-మైగ్రేట్ తయారీకి నాలుగు, మా ఊరికి చేరినదానికి ఒకటి.

గల్ఫ్ ఒక్కటే కాదు కూడా. ఇప్పుడు మా మిల్లులో పనిచేసే కుర్రాళ్ళకి కంబోడియా, లావోస్, మయన్మార్ పేర్లు నోటికొస్తున్నాయి, 'డేటా ఎంట్రీ, నెలకి ఎనభై వేలు, రూము ఫ్రీ' అని మెసేజీలు. పోయినవాళ్ళ చేత సైబర్ మోసాలు చేయిస్తారు, చెయ్యకపోతే కొడతారు. 2025 మార్చిలో మయన్మార్‌లో అట్టా చిక్కుకున్న 549 మందిని థాయిలాండ్‌లోని మే సోట్ నించి వాయుసేన విమానాల్లో తెచ్చారు. తెచ్చినందుకు దండం. మా కుర్రాళ్ళలో ఇద్దరి ఫోన్లు లాక్కుని ఆ ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్‌లో నేనే కొట్టి చూపించా. లేదు. ఒకడు మానుకున్నాడు, రెండోవాడు ఇంకా ఆలోచిస్తున్నాడు.

ఒక విషాదం కూడా చెప్పాలి, ఎవరికన్నా పనికొస్తుంది. మా మిల్లు మేస్త్రి బావమరిది గల్ఫ్‌లో గుండెనొప్పితో పోయాడు. ఆ కుటుంబం తరఫున కాగితాలు నేనే చూశా, అప్పటికి నాకు ఈ వ్యవహారాల్లో చేయి తిరిగిపోయింది. అక్కడి మరణ ధ్రువపత్రం, పోలీసు రిపోర్టు, ఇక్కడ భార్య ఇచ్చే సమ్మతి పత్రం, ఎంబసీ రద్దు చేసిన పాస్‌పోర్టు, ఎంబసీ అనుమతి, ఇవుంటే గానీ శవపేటిక కదలదు. మొదటి రోజే సమ్మతి పత్రం నోటరీ చేయించి పంపితే సగం ఆలస్యం తగ్గుతుంది. యజమాని ఖర్చు పెట్టుకోవాలి, పెట్టుకోకపోతే ఇందాక చెప్పిన నిధి. చెన్నై ఎయిర్‌పోర్టు నించి ఊరికి ఏపీఎన్‌ఆర్‌టీ వాళ్ళు అంబులెన్సు ఉచితంగా పంపారు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అది, వాళ్ళకి ఇరవైనాలుగు గంటల హెల్ప్‌లైన్ ఉంది. డ్రైవరు టీ డబ్బులు కూడా తీసుకోలేదు. ఐదుకి ఐదు.

చిన్నమ్మ కూడా చెన్నైలోనే దిగింది, తెల్లారుజామున మూడున్నరకి. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో షెల్టరువాళ్ళిచ్చిన రెండు నైటీలు, ఔట్‌పాస్ జిరాక్సు. మాధవరం వచ్చి నెల్లూరు బస్సెక్కాం. సూళ్ళూరుపేట దాటేదాకా ఒక్క మాట మాట్లాడలేదు, నాయుడుపేటలో బస్సాగితే దిగి రెండు ఇడ్లీ తిని, 'కారం బాగుంది' అంది.

అప్పు అట్టాగే ఉంది. బోర్ల అప్పు మీద ఏజెంటు అరవై వేలకి తెచ్చిన అప్పు, దాని మీద వడ్డీ. అందుకని చిన్నమ్మ మళ్ళీ పోతానంటోంది. మేమంతా కొట్లాడాం, చిన్నాయన రెండు రోజులు అన్నం మానేశాడు. ఆమె మాత్రం, 'పోయినసారి దొంగదారిలో పొయినా, ఈసారి మీరు చెప్పే ఆ కాయితాలన్నీ పెట్టుకునే పోతా, ఆ రెండొందల డెబ్బై అయిదు కూడా కడతా' అంటోంది. నా దగ్గర దానికి జవాబు లేదు. పాత పాస్‌పోర్టు పోయినట్టు స్టేషన్లో కాగితం తీసుకున్నాం, పోయినదానికి బదులు కొత్తదానికి 3,000 రూపాయలు కట్టాం. ఓంక్యాప్‌కి రాశా, చూడాలి. నెల్లూరు పోస్టాఫీసులో బుధవారం పదకొండున్నరకి స్లాటు దొరికింది, ఈసారి మడత కుర్చీ ఒకటి పట్టుకుపోతున్నా.